కండ్లజోళ్లకు గాజుటద్దముల యెన్నికను గూర్చి

1. ప్రస్తావన.— కండ్లజోళ్లను తెప్పించి ప్రజలకు పంచిపెట్టు పని నేడు పెక్కు మునిసిపాలిటీల మీదను, తాలూకా స్థాయి కార్యాలయముల మీదను పడుచున్నది. డాక్టరు కన్ను పరీక్షించి చీటి వ్రాయును. ఆ చీటి ప్రకారము జోడు చేయించుట, వచ్చిన సరుకు సరియైనదో కాదో చూచుకొనుట, బిల్లు మంజూరు చేయుట అధికారి వంతు. ఇట్టి సందర్భములలో "అసలు గాజే కావలెను, తక్కినది నాసిరకము" అని కొందఱును, "గాజు పాతకాలపు సరుకు, ప్లాస్టిక్కే మేలు" అని కొందఱును చెప్పుచుందురు. రెండు మాటలును సగము నిజములే. గాజు ఎవరికి తగును? ఎవరికి తగదు? గాజని చెప్పి యిచ్చినది గాజే యని ఎట్లు తెలిసికొనవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసము నుద్దేశము.

2. దృష్టాంతముగా నొక గ్రామము.— ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, బస్తరు ప్రాంతమునందలి బిజాపురము జిల్లా ఉసూరు తహశీలులో తర్రెం అను గ్రామము కలదు. బాసగూడకు అవతల అడవి నడుమ నున్న యూరు. దక్షిణ బస్తరు తెలంగాణమునకు పొరుగుదేశ మగుటచేత అచ్చటి సంతలలో గోండు, దోర్ల జనుల మాటలతోపాటు తెలుగును వినవచ్చును. వేసవి మొదట ఇప్పపూవు ఏరుట, తరువాత తునికాకు కోయుట, మిరపపంట కాలమున తెలంగాణ జిల్లాలకు కూలికి పోవుట ఆ ప్రాంతపు జనులలో పెక్కుమందికి జీవనాధారములు. చిరకాలము సాగిన సాయుధ సంఘర్షణచేత రోడ్లును, వైద్య సదుపాయములును అచ్చటికి ఆలస్యముగా జేరినవి. అట్టి చోట నొక జోడు పగిలినను, గీతలు పడి మసకబారినను, మరల చేయించుకొనుటకు బిజాపురమునకో భద్రాచలమునకో పోవలయును. ఒకటి రెండు దినముల కూలియు, ప్రయాణపు ఖర్చును పోవును. అందుచేత పెక్కుమంది ఆ పాడైన జోడును పెట్టెలో పడవేసి ఊరకుందురు. పట్టణవాసికి స్వల్పముగా దోచు నెన్నిక యిచ్చట గొప్ప విషయమగును. కాబట్టి ఈ క్రింద చెప్పబడు ప్రతి నియమమును "తర్రెం వంటి యూరిలో నిది యెట్లు జరుగును?" అను ప్రశ్నతో పరీక్షించి చూచుకొనుట మంచిది.

3. ఇంత శ్రద్ధ యేల యనగా.— 1996 మొదలు 2000 వఱకు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థవారు హైదరాబాదు నగరమునందును, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము జిల్లాలయందును 10,293 మంది కన్నులను పరీక్షించిరి. అప్పటి ఆంధ్రప్రదేశమున అంధత్వము నూటికి 1.84 వంతులుగా తేలెను. ఆ యంధత్వములో నూటికి 44 వంతులు శుక్లము వలన గలిగినది. 16.3 వంతులు వక్రీభవన దోషముల వలన, అనగా చాలవఱకు తగిన యద్దములతో సరిదిద్దదగిన లోపముల వలన గలిగినది. శస్త్రచికిత్స లేకయే, ఒక జోడు అద్దములతో తీఱదగిన కొఱతచేత మనుష్యులు గ్రుడ్డివారి లెక్కలో చేరియుండిరని దీని యర్థము.

దగ్గఱి చూపు సంగతియు నట్టిదే. నలువది యేండ్లు దాటిన ప్రతివారికిని దగ్గఱి వస్తువులు క్రమముగా మసకబారును. చదువురాని వారికి అద్దములతో బనియేమి యని కొందఱనుకొందురు, అది పొరపాటు. 2017లో అస్సాము తేయాకు తోటలలో 40 ఏండ్లు, అంతకు పైబడిన కూలీలకు దగ్గఱిచూపు అద్దములిచ్చి పరీక్షింపగా, అద్దములు పొందనివారి కంటె వారు కోసిన యాకు నూటికి 21.7 వంతులు అధికముగా వృద్ధిపొందెను. తేయాకు కోయువారికి వర్తించినది మిరపకాయలు కోయువారికిని, బియ్యములో రాళ్లు ఏరువారికిని, చీపుళ్లు కట్టువారికిని వర్తింపకపోదు.

ఈ హేతువుచేతనే ప్రభుత్వములు పెద్ద మొత్తమున జోళ్లు పంచుటకు బూనుకొన్నవి. తెలంగాణ ప్రభుత్వమువారు 2018 ఆగస్టు 15వ తేదీన కంటివెలుగు కార్యక్రమమును ఆరంభించి, 2023 జనవరిలో రెండవ విడత నడిపిరి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10వ తేదీన ఇదే పేరుతో నొక కార్యక్రమము మొదలయ్యెను. ఇంత పెద్ద మొత్తమున కొనుగోలు జరుగునపుడు ఇండెంటులో నొక్క మాట లోపించినను వేలకొలది కన్నులు ఆ లోపము ననుభవించును.

4. "అద్దము" అను మాట వలన కలుగు భ్రాంతి.— మన భాషలో ముఖము చూచుకొనునది అద్దము, కిటికీకి బిగించునది అద్దము, కండ్లజోడులో నుండునదియు అద్దమే. ప్లాస్టిక్కుతో చేసినదానిని సైతము అద్దమనియే యందుము. కాబట్టి ఇండెంటులో "అద్దములు 500 జతలు" అని వ్రాసినయెడల అమ్మకపువాడు దేనిని పంపినను మాట తప్పినవాడు కాడు. అద్దమను మాటకు ముందు పదార్థము పేరు వ్రాయుట ఈ విషయమున మొట్టమొదటి జాగ్రత్త.

"అసలైన అద్దము" అను మాటకు కాలమునుబట్టి అర్థము మాఱుచు వచ్చినది. మన దేశమున సులోచనముల వాడుక క్రొత్తది కాదు. విజయనగరమునందలి వ్యాసతీర్థులు ఉపలోచనములతో గ్రంథము చదువుచుండినట్లు సోమనాథకవి వ్యాసయోగిచరితమున జెప్పినాడు. తంజావూరు దగ్గఱి వల్లం గ్రామమున దొఱకు స్ఫటికపు రాళ్లను అఱగదీసి కండ్లజోళ్లకు బిగించు వాడుక యుండెడిది. వానిని పెబుల్ అద్దములనిరి. ఆ కాలమున గాజు నకిలీ, రాయి యసలు. రాయి గాజుకంటె గట్టిది గనుక గీతలు తక్కువగా పడుట నిజమే. కాని స్ఫటికము కాంతిని రెండు పాయలుగా చీల్చును గనుక, దానిని తగిన దిశలో కోయనిచో ప్రతిబింబము రెండుగా దోచు దోషము గలదు. నేడు అదే న్యాయమున గాజు అసలు, ప్లాస్టిక్కు నకిలీ యని పలుకుచున్నారు. పదార్థము పేరునుబట్టి గౌరవించుట నాడును పొరపాటే, నేడును పొరపాటే. గుణమునుబట్టి యెన్నవలెను.

5. ముఖ్యమైన మూడు పదార్థములు.— కండ్లజోళ్లకు నేడు విశేషముగా వాడబడునవి మూడు.

మొదటిది క్రౌను గాజు. దీని వక్రీభవన గుణకము 1.523, ఘన సెంటీమీటరునకు 2.54 గ్రాముల బరువు. రెండవది సి.ఆర్.39 అను గట్టి ప్లాస్టిక్కు. అమెరికా దేశమున రెండవ ప్రపంచయుద్ధ కాలమున యుద్ధవిమానముల పనికి వాడబడి, 1947లో కండ్లజోళ్లకు వచ్చినది. దీని గుణకము 1.498, బరువు 1.32 గ్రాములు. మూడవది పాలికార్బొనేటు. దీని గుణకము 1.586, బరువు 1.20 గ్రాములు. ఇవి గాక, సంతలలో అమ్ము చౌక జోళ్లలో అచ్చుపోసిన యక్రిలికు అద్దములు పెక్కులు కానవచ్చును. అవి త్వరలో గీతలు పడును.

కాంతిని రంగులుగా చీల్చు స్వభావము గాజునందును, సి.ఆర్.39 నందును తక్కువ, పాలికార్బొనేటునందు ఎక్కువ. అందుచేత హెచ్చు శక్తిగల పాలికార్బొనేటు అద్దము అంచునుండి చూచునపుడు వస్తువుల చుట్టును సన్నని రంగుల గీత కనబడవచ్చును. దీనికి భయపడనక్కఱలేదు. గాజు మాత్రమే స్పష్టముగా చూపునను మాట సరికాదు. స్పష్టత విషయమున మంచి సి.ఆర్.39 అద్దము గాజుతో సమానమే.

6. బరువు లెక్క.— బరువుభేదము ఎంతయో ఒక లెక్కవలన దెలియును. మైనస్ 4.00 శక్తిగల గుండ్రని యద్దము, వ్యాసము 50 మిల్లీమీటర్లు, నడుమ మందము 2 మిల్లీమీటర్లు అనుకొందము. గాజుతో చేసినచో అంచు మందము సుమారు 4.4 మిల్లీమీటర్లు, బరువు సుమారు 16 గ్రాములు. సి.ఆర్.39తో చేసినచో అంచు సుమారు 4.5 మిల్లీమీటర్లు, బరువు ఎనిమిదిన్నర గ్రాములు. జతకు గాజు 32 గ్రాములు, ప్లాస్టిక్కు 17 గ్రాములు. మందములో తేడా లేనంతగా, బరువు మాత్రము ఇంచుమించు రెట్టింపు. ఎండలో చెమటపట్టు ముక్కు మీద నీ బరువు నిలువదు. జోడు జాఱును. జాఱినపుడు కన్ను అద్దము నడుమనుండి చూడదు. వంగి పనిచేయువాని జోడు నేలబడును. దగ్గఱిచూపునకిచ్చు ప్లస్ 1.00, 1.50 వంటి చిన్న శక్తులలో అద్దము పలుచన గనుక బరువు అంతగా బాధింపదు.

7. గాజు మేలు.— గాజుకు ముఖ్యమైన గుణము గీతలకు లోబడకుండుట. తర్రెం వంటి యూళ్లలో బాటల దుమ్ము విశేషము. కట్టుకొన్న పంచెకొంగుతో, పైటచెఱగుతో, తలగుడ్డతో అద్దమును పొడిగా తుడుచుట అందఱికిని అలవాటు. ఇట్లు తుడిచిన ప్రతిసారియు దుమ్ములోని యిసుక అద్దమును గీయును. గట్టి పూత లేని ప్లాస్టిక్కు కొలది మాసములలోనే మసకబారును. గాజు చాల కాలము తేటగా నుండును. ఇసుకరేణువు గాజుకంటెను గట్టిది గనుక గాజుకును గీతలు పడును; కాని మెల్లగా పడును.

రెండవ గుణము, రసాయనములకు గాజు చెడదు. బస్తరున మలేరియా బాధ విశేషము. 2020లో ఆ జ్వర నిర్మూలనమునకై ప్రత్యేక కార్యక్రమము నారంభించిరి. దోమలు కుట్టకుండ ఒంటికి రాచుకొను మందులలో డీట్ అను పదార్థము గలవి కొన్ని రకముల ప్లాస్టిక్కును కరగించి మసకబార్చును. ఆ చేతితో అద్దమును ముట్టినచో ప్లాస్టిక్కు పాడగును, గాజు పాడుగాదు. ఐనను ఆ మందు ప్లాస్టిక్కు ఫ్రేమును సైతము చెఱుపగలదు గనుక, చేతులు కడిగికొని జోడు ముట్టుకొనుడని యందఱికిని చెప్పవలెను.

8. గాజు కీడు.— గాజు పగులును. పగిలిన ముక్కలు కంటికి అంగుళము దూరమున నుండును. ఈ యొక్క దోషము ముందు తక్కిన గుణములన్నియు తేలిపోవు సందర్భములు గలవు. ఈ హేతువుచేతనే అమెరికా ప్రభుత్వమువారు 1972 నుండి కండ్లజోళ్ల అద్దములన్నియు దెబ్బ కోర్చునవిగా నుండవలెనని శాసించిరి. సుమారు 16 గ్రాముల ఉక్కుగుండును 127 సెంటీమీటర్ల యెత్తునుండి అద్దముమీద విడిచినపుడు అది పగులరాదు. గాజును ఈ పరీక్షకు నిలుపుటకు రెండు మార్గములు గలవు. అద్దమును బాగుగా కాచి గాలితో చల్లార్చుట యొకటి. వేడిచేసి కరగించిన పొటాసియము నైట్రేటులో గంటలకొలది ముంచి యుంచుట రెండవది. ఏ మార్గమైనను, అద్దమును ఫ్రేము కొలతకు కోసి అంచు అఱగదీసిన తరువాతనే చేయవలెను. పదునుపెట్టిన గాజును మరల అఱగదీయరాదు. లోతైన గీత పడినచో దాని బలము తగ్గును. అట్టి యద్దమును మార్చవలెను.

పదునుపెట్టిన గాజు సామాన్య గాజుకంటె మేలే గాని, పాలికార్బొనేటుతో సమానము గాదు. మఱియొక సంగతి: వెల్డింగు, ఉక్కు అఱగదీయు పనులలో నెగురు నిప్పురవ్వలు గాజునకు అంటుకొని గుంటలు చేయును. ఇంకొకటి: తెల్లని గాజు సూర్యకాంతిలోని యతినీలలోహిత కిరణముల నన్నిటిని ఆపజాలదు, పాలికార్బొనేటు ఆ కిరణములను గాజుకంటె బాగుగా ఆపును.

9. ఎవరికి ఏది యీయవలెను.— పై గుణదోషములను తూచి ఈ క్రింది నియమములు ఏర్పఱచుకొనవచ్చును.

(అ) బడిపిల్లలకు గాజు ఎంతమాత్రము పనికిరాదు. ఆడుకొనుచు పడుదురు, కొట్టుకొందురు. వారికి గట్టి పూతగల పాలికార్బొనేటు ఉత్తమము.

(ఆ) ఒక కన్ను మాత్రమే పనిచేయువారికి, వారి వృత్తి యేదైనను, రెండు వైపులను పాలికార్బొనేటే యీయవలెను. ఆ కంటికి శక్తి యవసరము లేకున్నను, రక్షణకై శక్తిలేని పాలికార్బొనేటు జోడు ఇచ్చుట న్యాయము. ఉన్న యొక్క కన్నును గాజుముక్కకు పాలుచేయుట తిరిగి దిద్దుకొనరాని తప్పు. పరీక్షాపట్టికలో ఒంటికంటివారి పేరు ప్రక్కన గుర్తు పెట్టించుట అధికారి చూడవలసిన పని.

(ఇ) చెట్లు నఱకువారు, రాళ్లు కొట్టువారు, వెల్డింగు చేయువారు, మోటారు సైకిలు నడుపువారు మొదలైనవారికి గాజు వలదు. వీరిలో రాళ్లు, లోహములతో బని చేయువారికి మామూలు జోడు చాలదు. ప్రక్కలను మూయు రక్షణపు జోడు వేఱుగా నీయవలెను.

(ఈ) 4.00 దాటిన శక్తిగలవారికి బరువు కారణముగా గాజు తగదు.

(ఉ) కూర్చుండి పనిచేయు పెద్దలకు, చిన్న శక్తితో దగ్గఱిచూపునకు మాత్రమే జోడు పెట్టుకొను వారికి, అనగా గుమాస్తాలు, దర్జీలు, నేతగాండ్రు, బియ్యమేరు వృద్ధురాండ్రు మొదలైన వారికి పదునుపెట్టిన గాజు తగును. అంగడి దూరముగా నున్న యూళ్లలో ఇది ప్లాస్టిక్కుకంటె ఎక్కువ కాలము పనిచేయును.

(ఊ) పై తరగతులలో చేరని సామాన్య జనులకు గట్టి పూతగల సి.ఆర్.39 చాలును. పూత లేనిది కొనుట పొదుపు గాదు.

సందేహము కలిగినచో నొక్క మాట గుర్తుంచుకొనవలెను: గీతపడిన యద్దము మసకగానైనను చూపును, పగిలిన యద్దము చూపదు సరిగదా, ఉన్న చూపును తీయవచ్చును. కాబట్టి సందేహ స్థలమున గాజును విడుచుటయే క్షేమము.

10. గాజో కాదో తెలిసికొనుట.— గాజునకే సొమ్ము చెల్లించినచో గాజే రావలెను. పాలికార్బొనేటు కోరిన చోట గాజు వచ్చుట మఱింత ప్రమాదము. ఆఫీసులో చేయదగిన పరీక్షలు కొన్ని గలవు.

మొదటిది స్పర్శ. నీడలో కొంతసేపు ఉంచిన యద్దమును చెంపకు తాకించినచో గాజు చల్లగా దోచును, ప్లాస్టిక్కు అంత చల్లగా దోచదు. రెండవది ధ్వని. గోటితో మెల్లగా మీటినచో గాజు గణగణమను సన్నని ధ్వని యిచ్చును. ప్లాస్టిక్కు మొద్దు ధ్వని యిచ్చును. మూడవది బరువు. తపాలా కచేరీలోనో కంసాలి యంగడిలోనో దొరకు చిన్న త్రాసుపై, ఒకే కొలత, ఒకే శక్తిగల విడి యద్దములు రెంటిని తూచినయెడల గాజు ఇంచుమించు రెట్టింపు తూగును. ఈ మూడును ఒక్క దారినే చూపినచో సందేహముండదు.

సూదితో గీయుట, నిప్పు చూపుట, నేల మీద పడవేయుట మొదలైన పరీక్షలు చేయరాదు. అమ్మకపువాడు అద్దముమీద నాణెముతో కొట్టి "చూడుడు, అసలు గాజు" అని చూపినచో, అది గాజని తెలియును గాని, పదునుపెట్టిన గాజని తెలియదు. పదునుపెట్టినట్లు తయారుచేసినవారి వ్రాతపూర్వకమైన హామీ తీసికొనవలెను.

సి.ఆర్.39కును పాలికార్బొనేటుకును గల భేదము చేతితో నిశ్చయముగా దెలియదు. దానికి సంచిమీది గుర్తును, తయారీదారు హామీని చూడవలెను.

11. పదార్థముకంటె ముఖ్యమైన పరీక్ష.— ఎంత మంచి గాజైనను శక్తి తప్పినచో నిరుపయోగము. వచ్చిన ప్రతి మూటలోనుండి కొన్ని జోళ్లను తీసి లెన్సుమీటరు గల ఆసుపత్రిలో పరీక్ష చేయించవలెను. చిన్న శక్తులలో 0.12 డయాప్టరునకు మించిన భేదము ఉండరాదు. లెన్సుమీటరు దగ్గఱ లేనిచోట ఈ క్రింది విధముగా కొంత తెలిసికొనవచ్చును.

ప్లస్ శక్తిగల యద్దమును కిటికీకి ఎదురుగా తెల్లకాగితము ముందు పట్టినయెడల బయటి దూరపు చెట్టు ప్రతిబింబము కాగితముమీద తలక్రిందుగా పడును. అది స్పష్టముగా నున్నపుడు అద్దమునకును కాగితమునకును గల దూరమును కొలువవలెను. 100 సెంటీమీటర్లయినచో శక్తి 1.00, 67 అయినచో 1.50, 50 అయినచో 2.00, 40 అయినచో 2.50. దగ్గఱిచూపు జోళ్ల విషయమున ఇది చక్కగా పనిచేయును.

అద్దమును కంటిముందు పట్టి ప్రక్కకు కదల్చినపుడు, ఎదుటి తలుపుకమ్మి అద్దము పోవు దిక్కుననే కదలినట్లు దోచినచో మైనస్. ఎదురు దిక్కున కదలినచో ప్లస్. అద్దమును చక్రమువలె త్రిప్పినపుడు ఆ కమ్మి వంగి కత్తెరవలె చీలినట్లు దోచినచో దానియందు సిలిండరు శక్తి కలదు; డాక్టరు చీటిలో సిలిండరు లేనిచో అట్టి యద్దమును త్రిప్పి పంపవలెను. తిన్నని గీతను చూచుచు అద్దమును మెల్లగా జరిపినపుడు గీత అలలవలె వంకరపోయినచో అద్దపు తలము సరిగా లేదు.

తరువాత కేంద్రము. కనుపాపల నడిమి దూరము మనిషికి మనిషికి భేదించును. అద్దముల కేంద్రముల నడిమి దూరము దానితో సరిపోవలెను. శక్తి 4.00 గల యద్దము అర సెంటీమీటరు తప్పినచో ఆ కంటికి 2 ప్రిజము డయాప్టర్ల లాగుడు కలుగును. తలనొప్పియు, రెండుగా దోచుటయు సంభవించును. పంచిపెట్టిన జోడు పెట్టెలో పడియుండుటకు ఇట్టి తప్పులును ముఖ్యకారణములు. అట్టి జోడును చూచి ఆ మనిషి "అద్దములు నాకు పడవు" అని నిశ్చయించుకొనును; ఇరుగుపొరుగు వారును అట్లే నమ్ముదురు.

12. పరీక్షించు పద్ధతి.— అక్షరములు రాని జనులకు అక్షరముల పటము పనికిరాదు. తర్రెం ప్రాంతమున హిందీ యక్షరముల పటము గాని, తెలుగు అక్షరముల పటము గాని అందఱికిని తగదు. ఇంగ్లీషు 'ఈ' అక్షరమును నాలుగు దిక్కులకు త్రిప్పి వ్రాసిన పటముంచి, కొమ్మలు ఏ దిక్కున నున్నవో చేతితో చూపుమని యడుగవలెను. దగ్గఱిచూపునకు సూదిలో దారమెక్కించుట, చేటలోని బియ్యమున రాయి ఏరుట మంచి పరీక్షలు. పరీక్షకులతో గోండు, దోర్ల మాటలు తెలిసిన గ్రామ ఆరోగ్య కార్యకర్త నొకరి నుంచవలెను. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమువారు 2019 అక్టోబరు 2వ తేదీన సంతలలో వైద్యశిబిరములు నడుపు పథకమును ఆరంభించిరి. జనులు తమంతట తామే గుమికూడు అట్టి సంతదినము కంటి పరీక్షకు మిక్కిలి యనుకూలము. మిరపకోతకు కూలీలు వెడలక పూర్వమే జోళ్లు చేతికి అందునట్లు తేదీలు నిర్ణయించుకొనవలెను.

13. ఇండెంటులో వ్రాయవలసిన యంశములు.— (1) పదార్థము: "పదునుపెట్టిన క్రౌను గాజు", "గట్టి పూతగల సి.ఆర్.39", "గట్టి పూతగల పాలికార్బొనేటు" అని స్పష్టముగా, ఒక్కొక్కదానికి వేఱు సంఖ్యతో. (2) శక్తి: ప్రతి కంటికి వేఱుగా, సిలిండరున్నచో దాని దిశతో. (3) కనుపాపల నడిమి దూరము మిల్లీమీటర్లలో. (4) ఫ్రేము కొలత. పిల్లలకు పిల్లల కొలత. (5) గాజు విషయమున కోసిన తరువాతనే పదునుపెట్టినట్లు హామీ. (6) పరీక్షలో తప్పిన జోళ్లను ఎన్ని దినములలో మార్చి యీయవలెనో గడువు. (7) పగిలిన, గీతలు పడిన యద్దములను మార్చుటకు విడి యద్దములు కొన్ని. ఈ యేడవ యంశమును చాలమంది విడుతురు. దూరపు గ్రామముల విషయమున ఇదియే మిక్కిలి యవసరము.

14. జోడు ఇచ్చునపుడు చెప్పవలసిన మాటలు.— జోడును చేతికిచ్చి సంతకము తీసికొని పంపుట చాలదు. అద్దమును ముందు నీటితో కడిగి, తరువాత తడి మెత్తని గుడ్డతో తుడువవలెనని చేసి చూపవలెను. అద్దము నేలవైపుగా బోర్లించి పెట్టరాదని చెప్పవలెను. గాజు జోడు పుచ్చుకొన్న వారికి, పగులుపడినను, లోతు గీతపడినను వెంటనే తీసివేయుమని ప్రత్యేకముగా జెప్పవలెను. దగ్గఱిచూపు జోడుతో దూరము మసకగా దోచుట సహజమనియు, నడుచునపుడు దానిని తీయవలెననియు చెప్పనియెడల, అది చెడ్డ జోడని తలచి పాఱవేయుదురు. పదిహేను దినములకు మరల సంతలో వారిని కలిసికొని, జోడు ముఖమున నున్నదా, పెట్టెలో నున్నదా యని చూడవలెను.

15. ముగింపు.— గాజుటద్దము నేటికిని పనికిరాని వస్తువు కాదు. అన్నింటికంటె గొప్ప వస్తువును కాదు. కూర్చుండి పనిచేయు పెద్దవారి చిన్న శక్తి జోడునకు అది దుమ్ము గల దూరదేశమున మన్నికైన తోడు. పిల్లవాని ముఖమునను, ఒంటికంటివాని ముఖమునను అది ప్రమాదము. ఈ భేదమును పాటించుటకు అదనపు సొమ్ము కంటె అదనపు శ్రద్ధ యెక్కువ కావలెను. ఇండెంటులో పదార్థము పేరు వ్రాయుట, వచ్చిన సరుకును చెంపకు తాకించి, త్రాసున తూచి, కిటికీముందు పట్టి చూచుట ఒక పూట పని. ఆ పూట పనిని అధికారి విడిచినచో, తర్రెం వంటి యూరిలోని వృద్ధురాలు పనికిరాని జోడును పెట్టెలో దాచి, చేటలోని రాళ్లను వ్రేళ్లతో తడవి యేరుకొనుచునే యుండును.